బిగించిన బోల్టు

చిన్నకోడలు కలుపు మిషను పట్టుకుంటే ఆమె దాన్ని నడుపుతున్నట్టు ఉండదు. మిషనే ఆమెను చెయ్యి పట్టుకుని ఎక్కడికో లాక్కుపోతున్నట్టు ఉంటుంది. పెరటి మడిలో వంగ మొక్కల మధ్య సాలు తిన్నగానే మొదలవుతుంది. నాలుగడుగులు పోగానే మిషను మొక్కల మీదికి ఒరుగుతుంది. ఆమె బలమంతా పెట్టి ఇవతలికి లాగితే మరీ ఇవతలికి వచ్చేస్తుంది. హ్యాండిల్ ఆమె రొమ్ము ఎత్తున ఉంది. మోచేతులు రెండూ పక్కలకు లేచి, ఎగరబోయి ఎగరలేని కోడి రెక్కల్లా ఊగుతున్నాయి.

గట్టు మీద నిలబడి పెద్దకోడలు చూస్తోంది.

"గట్టిగా పట్టుకోకు! పిట్టను పట్టుకున్నట్టు పట్టుకోవాలి. నలగకూడదు, ఎగిరిపోకూడదు."

"పిట్ట కాదక్కా ఇది, ఆబోతు!" అని ఇంజను మోతకు మించి అరిచింది చిన్నకోడలు.

వసారాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అత్త పకపకా నవ్వింది.

"పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు. ఒట్టి బుద్ధులుంటే చాలదే పిల్లా, రెక్కలు కూడా ఉండాలి!"

ఆ మాటలో తిట్టు లేదు, ముద్దే ఉంది. తనను అత్త ఎప్పుడైనా ఇలా అందా అని పెద్దకోడలు వెతుక్కుంది. పని చెప్పినప్పుడు చెప్పింది, తిట్టినప్పుడు తిట్టింది. నవ్వుతూ తిట్టడం మాత్రం ఎరగదు. తిట్టు నవ్వులో ముంచి ఇస్తే ఎంత తీయగా ఉంటుందో, తగలనివాళ్ళకే తెలుస్తుంది.

మిషను నేర్పమన్నది అత్తే. వానలు పడి వెలిసేసరికి ప్రతి చేలోనూ కలుపు మోకాలెత్తు లేచింది. పొద్దున్నే తలుపు తీస్తే గుమ్మంలో ఎవరో ఒకరు, "మిషనక్క ఉందా?" అని. అన్నదమ్ములిద్దరూ గోదాములో బస్తాలు మోసే పనికి పోతారు. తాడు ఎటు లాగితే ఇంజను లేస్తుందో కూడా వాళ్ళకు తెలియదు. మిషను ఆ ఇంటి ఆడవాళ్ళది. ఉన్నమాట చెప్పాలంటే పెద్దకోడలిది. అది రాకముందు ఆ ఇంట్లో ఆమెను పిలవాల్సి వస్తే "ఎవరక్కడ?" అని పిలిచేవాళ్ళు. అది వచ్చాక వీధి వీధంతా మిషనక్క అంది.

"చిన్నదానికి కూడా నేర్పవే" అంది అత్త పది రోజుల కిందట. "అది నేర్చుకుంటే చేలకు అదే పోతుంది. నువ్వు నీడపట్టున ఇల్లు చూసుకుందువుగాని. ఎన్నాళ్ళని ఆ ఎండలో పడి చస్తావు?"

దయతోనే అంది. పెద్దకోడలికి మాత్రం కొత్తనీరు వచ్చి పాతనీటిని కొట్టుకుపోవడం కళ్ళకు కట్టింది. వచ్చి ఏడాది తిరగలేదు, చిన్నకోడలు ఇంట్లో అందరికీ కావలసినదైపోయింది. మామ మందుబిళ్ళ ఆమె చేత్తో ఇస్తేనే మింగుతాడు. పక్కింటివాళ్ళు గోడ మీదుగా ఆమెనే పలకరిస్తారు. తన మొగుడు కూడా, మూడు మాటలకు మించి మాట్లాడని మనిషి, ఆమె ఏదో అంటే పళ్ళు కనిపించేలా నవ్వుతాడు. పోనీ, అవన్నీ ఆమెకే పోనీ. మిషను కూడానా?

కాదనడానికి నోరు రాలేదు. నేర్పుతానంది. నేర్పింది కూడా, లోటు చెయ్యకుండా. ఆయిలు ఎంతుందో పుల్ల ముంచి చూడ్డం, ఏ కాలు వెనక్కి వేసి తాడు లాగాలో, రేసు ఎక్కడ పెంచాలో ఎక్కడ తగ్గించాలో, క్లచ్చు నొక్కి పట్టుకుంటే బ్లేళ్ళు తిరుగుతాయనీ వదిలిన మరుక్షణం ఆగుతాయనీ, సాలు చివర హ్యాండిల్ కిందికి అదిమి ముక్కు లేపి తిప్పుకోవాలనీ, అన్నీ చెప్పింది.

ఒక్కటి చెప్పలేదు.

హ్యాండిల్ ఇంజనును కలిసేచోట పళ్ళున్న రెండు బిళ్ళలు ఒకదాన్నొకటి కరుచుకుని ఉంటాయి. వాటి మధ్య ఒక బోల్టు. అది వదులు చేస్తే హ్యాండిల్ కిందికి దిగుతుంది, పైకి లేస్తుంది. మిషను కొన్ననాడు షాపులో కుర్రాడు పెద్దకోడల్ని నిలబెట్టి, హ్యాండిల్ ఆమె నడుముకు సరిచేసి బిగించి, "మీ కొలతకు కుట్టినట్టుందమ్మా" అన్నాడు. పొడుగు మనిషి ఆమె. జీవితంలో తన కొలతకు కుట్టింది ఇంకేదీ ఉన్నట్టు ఆమెకు గుర్తు లేదు. మట్టి పోకుండా ఆ బోల్టు మీద సైకిల్ ట్యూబు ముక్క చుట్టింది. నిజంగా మట్టి కోసమే చుట్టింది అప్పుడు. చిన్నకోడలు నేర్చుకుంటుందనగా ముందురోజు మాత్రం, ఇంకో చుట్టు చుట్టింది. అది మట్టి కోసం కాదు.

మర్నాడు, ఊరంతా కళ్ళద్దాలాయన అని పిలిచే రైతు మొక్కజొన్న చేను. పెద్ద చేను, పైగా కాస్త వాలు. రెండు మూడు రోజుల పని.

వెళ్ళేముందు పెద్దకోడలు గది తలుపు వేసుకుని జాకెట్టు హుక్కులతో కుస్తీ పడుతోంది. వేళ్ళు హుక్కు మీద ఉన్నాయో బట్ట మీద ఉన్నాయో కళ్ళతో చూసుకుంటే తప్ప తెలియడం లేదు. పొద్దున చన్నీళ్ళు తగిలితే వేళ్ళ కొసలు సున్నంలో ముంచి తీసినట్టు తెల్లబడతాయి. తర్వాత చీమలు పాకుతాయి, ఆ తర్వాత మంట. మిషను అదురుకు పట్టుకున్న ఈ తిమ్మిరి మొదటి కలుపు కాలంలో సాయంత్రాలే ఉండేది. ఇప్పుడు పొద్దున్నే ఎదురొస్తోంది. నీళ్ళగది వెనక నిలబడి చేతులు రెండూ విదిలించుకుని, చంకల కింద పెట్టుకుని, కాసేపు అలా ఉంటే మళ్ళీ మనుషుల చేతుల్లా అవుతాయి. ఈ సంగతి మొగుడికి తెలియదు. అత్తకు అసలే తెలియకూడదు. తెలిస్తే మిషను ఆ క్షణమే చెయ్యి మారుతుంది.

ఇద్దరూ మిషనును తోపుడుబండి మీద పెట్టి చేనుకు తోశారు. పెద్దకోడలు తోలుతుంటే చిన్నకోడలు వెనకే వంగి, మొక్క మొదట్లో బ్లేడుకు అందని గడ్డిని చేత్తో పీకుతూ వచ్చింది. పెద్దకోడలి నడకలో తొందర లేదు. ముంజేతులు తిన్నగా ముందుకు చాపి, నడుము కాస్త వెనక్కి వాల్చి, మిషను బరువును మిషనే మోసుకునేలా వదిలేసి నడుస్తుంది. వెనక మట్టి తలదువ్వినట్టు తెరుచుకుంటుంది. కళ్ళద్దాలాయన గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడి, చాలాసేపు చూసి, "నీ సాలు మీద దారం పరవచ్చమ్మా" అన్నాడు. పెద్దకోడలు వినపడనట్టు ముందుకు సాగింది. మరో సాలుకు సరిపడా బలం వచ్చింది ఆ మాటతో.

పొద్దెక్కాక ఆయనే అన్నాడు, "ఆ చిన్నామె ఊరికే గడ్డి పీకుతోందే. ఆమెను కూడా పట్టనీ, నువ్వు కాసేపు ఊపిరి పీల్చుకో."

చిన్నకోడలు కొంగు బిగించి వచ్చింది. మిషను రెండు బారలు పోగానే వంకర తిరిగింది. ఆమె కాలి వేళ్ళ మీద లేచి లాగింది. బుజాలు చెవుల దాకా లేచాయి. ఇంజనుతో పాటు బుగ్గలు కూడా అదురుతున్నాయి.

"ఏమ్మోయ్, ఎటు తోలుతున్నావ్?" అన్నాడు కళ్ళద్దాలాయన.

"నేనెక్కడ తోలుతున్నాను బాబాయ్! అదే నన్ను తోలుతోంది. ఎటో దాన్నే అడగండి!"

ఆయన గొడుగు పక్కన పెట్టి మరీ నవ్వాడు. పక్క చేలో నీళ్ళు కడుతున్నవాళ్ళు కూడా నవ్వారు. పెద్దకోడలు కూడా నవ్వింది. అందరికంటే ఒక పిసరు ఎక్కువే నవ్వింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకామె. ఈమె ఏడవలేదు. నవ్వే మొహంతోనే మళ్ళీ తాడు లాగింది. అప్పుడు పెద్దకోడలికి తన నవ్వు గొంతులో ముల్లులా దిగింది. వీళ్ళంతా నవ్వుతున్నది చిన్నకోడల్ని చూసి కాదు, చిన్నకోడలితో కలిసి. తను తిన్నగా తోలితే దారం పరవచ్చన్నారు. ఆమె వంకరగా తోలితే మనసు పరిచేస్తున్నారు.

సాయంత్రం ఇంటికి వచ్చాక పాలగిన్నె జారిపడింది.

వంటింట్లో పొయ్యి మీద నుంచి దించుతూ చిన్నకోడలు జారవిడిచింది. పాలు గుమ్మం దాకా పారాయి. అత్త లేచొచ్చింది. ఈసారి నవ్వు లేదు.

"చేతులా అవి, చిల్లుల జల్లెళ్ళా? నిన్న గ్లాసు, ఇవాళ గిన్నె! మనసెక్కడ పెట్టి పని చేస్తున్నావు?"

"గిన్నె తడిగా ఉందత్తా, పట్టు జారింది."

"పట్టు జారిందట! పెద్దది అంతసేపు మిషను తోలి వచ్చింది, దాని చేతిలోంచి ఏదైనా జారిందా?"

అత్త తనను పొగడటం పెద్దకోడలు మొదటిసారి విన్నది. ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన మాట. తీరా చెవిన పడేసరికి, ఉప్పు మరిచిన కూరలా ఉంది. గుడ్డ తెచ్చి పాలు తుడవబోయింది. చిన్నకోడలు అప్పటికే కూర్చుని తుడుస్తోంది. తడిసిన తన గుడ్డను చిన్నకోడలు పిండబోయింది. వేళ్ళు ముడుచుకోలేదు. అరచేతులు రెండూ కలిపి నొక్కింది, గుడ్డలోంచి సగం పాలే దిగాయి.

కాసేపయ్యాక పెద్దకోడలు బొగ్గుల బుట్ట కోసం పెరట్లోకి వెళ్ళింది. నీళ్ళగది వెనక ఎవరో ఉన్నారు. చిన్నకోడలే. ఇటు వీపు పెట్టి నిలబడి ఉంది. చేతులు రెండూ కిందికి వేలాడేసి విదిలించింది. ఇంకోసారి విదిలించింది. తర్వాత వేళ్ళు చంకల కింద దోపుకుని, తల వంచి, అలాగే ఉండిపోయింది.

పెద్దకోడలు బుట్ట పట్టుకుని కదలకుండా నిలబడింది. అద్దంలో తన వీపును ఎవరూ చూసుకోలేరు. ఆమె చూసింది. అదే చోటు, అదే గోడ, అదే విదిలింపు.

జాలి కలగాలి. కలిగింది కూడా, కానీ అది తర్వాత. ముందు కలిగింది మరొకటి. ఇది నాది, అనిపించింది. ఈ గోడ చాటు నాది, ఈ తిమ్మిరి నాది. ఇంట్లో అన్నీ పట్టుకుపోయింది చాలక చివరికి దీన్ని కూడా పట్టుకుపోతోందా! అనుకున్నాక, తను ఏమనుకుందో తనకే అర్థమైంది. బుట్ట అక్కడే వదిలేసి లోపలికి వచ్చేసింది.

పొద్దున బండి తోస్తూ చిన్నకోడలు ఉన్నట్టుండి అడిగింది.

"అక్కా, మీకు చేతులు తిమ్మిరెక్కవా?"

"నాకా?" పెద్దకోడలు బండి హ్యాండిల్ మీది చేతుల పైకి కొంగు లాక్కుంది. "నాకెందుకెక్కుతాయి! కొత్తలో అందరికీ ఉంటుంది. అలవాటైతే పోతుంది."

"అలాగా" అంది చిన్నకోడలు. "అయితే లోపం నాలోనే ఉందన్నమాట. మా అమ్మ అనేది, నువ్వు పూలు గుచ్చడానికే పనికొస్తావే అని. ఇప్పుడు సూదిలోకి దారం కూడా ఎక్కించలేను."

నవ్వుతూనే అంది. పెద్దకోడలికి అబద్ధం ఆడటం ఇంత తేలికని అంతవరకు తెలియదు. ఆడాక మోయడం ఇంత బరువని కూడా తెలియదు. బండి ఆ పూట ఎత్తు ఎక్కుతున్నట్టే అనిపించింది, దారి చదునుగానే ఉన్నా.

ఆ పూట వాలు మీది సాళ్ళు. మొదటి కొన్ని పెద్దకోడలే తోలింది. వాలులో మిషను ముందుకు ఉరుకుతుంది, వెనక్కి ఆపుకుంటూ నడవాలి. వేళ్ళలో చీమలు మొదలై, మణికట్టు దాటి, మోచేతి దాకా వచ్చాయి. నీళ్ళు తాగే నెపంతో ఆపింది. "నేను పడతానక్కా" అని చిన్నకోడలు వచ్చింది. వద్దనవచ్చు. వాలు మీద కొత్తవాళ్ళకు ఇవ్వకూడదని తెలుసు. ఇచ్చింది.

చిన్నకోడలు దిగువకు తోలింది. ఆశ్చర్యం, బాగానే తోలింది. సాలు చివరికి చేరింది. అక్కడ క్లచ్చు వదిలి, ముక్కు లేపి తిప్పుకోవాలి. ఆమె హ్యాండిల్ అదిమింది. ముక్కు లేచింది. బ్లేళ్ళు ఆగలేదు. తిరుగుతూనే, మిషను గిర్రున పక్క సాలులోకి దూకి, మోకాలెత్తు మొక్కజొన్నల మీదుగా పోయింది. ఆమె వెనకే ఈడ్చుకుపోయింది. కుడి పాదం బ్లేళ్ళకు జానెడు దూరంలో జారింది. పెద్దకోడలు పరిగెత్తుకొచ్చి ఇంజను స్విచ్చు నొక్కేసింది.

చప్పుడు ఆగాక చేను మొత్తం చెవుల్లో గుయ్యిమంది. బారెడు పొడుగునా మొక్కలు మొదలంటా తెగి పడి ఉన్నాయి.

"వదిలానక్కా" అంది చిన్నకోడలు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "వదిలాను. వదిలాననే అనుకున్నాను. చూస్తే వేళ్ళు దాని మీదే ఉన్నాయి."

అది నిజమని ఆ చేలో తెలిసిన మనిషి పెద్దకోడలు ఒక్కతే.

కళ్ళద్దాలాయన గబగబా వచ్చాడు. నిన్న నవ్విన మనిషేనా అన్నట్టుంది మొహం.

"సరదాకి పట్టుకుంటే సరే అన్నాను గానీ నా చేను దున్నిపారెయ్యమన్నానా? కాలు పోయుంటే ఎవరికి జవాబు చెప్పాలి? చూడమ్మా మిషనక్కా, ఇంక ఈమె మిషను ముట్టడానికి వీల్లేదు. నువ్వు తోలితే తోలు, లేకపోతే బండెక్కించుకుని పోండి. మీ అత్తకు కూడా చెప్తాను, పిల్లకు పనిముట్లిచ్చి పంపొద్దని."

అంతే. కోరుకున్నదంతా ఒక్క నిమిషంలో ఒళ్ళో వచ్చి పడింది. ఇక ఎవరూ చిన్నకోడలికి మిషను ఇవ్వరు. ఇక ఎప్పటికీ మిషనక్క ఒక్కతే.

ఆయన గొణుక్కుంటూ చేను అవతలి నీళ్ళ మోటారు దగ్గరికి వెళ్ళిపోయాడు. పెద్దకోడలు తాడు లాగి, క్లచ్చు నొక్కి, ఒక సాలు తోలింది. తిరిగి వస్తూ చూసింది. చిన్నకోడలు తెగిన మొక్కల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్కదాన్నీ నిలబెట్టి, మొదట్లో మట్టి నొక్కుతోంది. వేళ్ళు వంగకపోవడంతో అరచేతి మొదలుతో నొక్కుతోంది. వేరు లేని మొక్క నిలబడుతుందా? నిలబెట్టినది నిలబెట్టినట్టే పక్కకు వాలుతోంది. ఆమె మళ్ళీ నిలబెడుతోంది. ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేది.

పెద్దకోడలు ఇంకో సాలు మొదలుపెట్టింది, సగంలో ఆగింది. ఇంజను ఆపేసింది. సంచీలోంచి పానా తీసింది. హ్యాండిల్ మొదట్లో కూర్చుని ట్యూబు చుట్లు విప్పింది. పై చుట్టు తేలిగ్గా వచ్చింది. పాత చుట్టు బోల్టుకు అతుక్కుపోయింది, గోళ్ళతో పీకాల్సి వచ్చింది.

"ఇలా రా" అని పిలిచింది.

ఏం చెప్పాలో అప్పటికే కూడబలుక్కుంది. ఇక్కడ ఏదో బోల్టు ఉన్నట్టుంది, ఇవాళే చూశాను, ఇది తిప్పితే హ్యాండిల్ దిగుతుందేమో చూద్దాం అని. నోరు తెరవబోయేలోపల చిన్నకోడలు వచ్చి మిషనుకు అవతలి వైపు కూర్చుంది. పానా ఇంకా బోల్టుకు పట్టనే లేదు, ఆమె కుడి అరచెయ్యి హ్యాండిల్ కిందికి పోయి, దాని బరువు ఎత్తి పట్టుకుంది. బోల్టు వదులవగానే హ్యాండిల్ ధడాలున కిందికి పడుతుందని తెలిసినవాళ్ళు మాత్రమే అలా పట్టుకుంటారు.

పెద్దకోడలి చేతిలో పానా ఆగిపోయింది.

"నీకు తెలుసా ఇది?"

చిన్నకోడలు చెయ్యి తియ్యబోయి, తియ్యకుండా ఉండిపోయింది. దొరికిపోయిన పిల్లలా చూసింది.

"మొదటి రోజే చూశానక్కా. కడిగేటప్పుడు ట్యూబు కాస్త జరిగితే కనిపించింది."

"తెలిసి ఇన్నాళ్ళు…"

"మీరు మీ ఎత్తుకు పెట్టుకుని చుట్టుకున్నారు కదా. నేను దించితే మళ్ళీ మీకు అంత బాగా కుదురుతుందో లేదో అని."

"అడగొచ్చుగా! నోరు లేదూ నీకు? ఊరందరితో మాట్లాడతావు!"

"అడిగితే మీరు కాదనలేరు" అంది చిన్నకోడలు మెల్లగా. "అందుకే అడగలేదు. ఇంట్లో మీదంటూ ఉన్నది ఇదొక్కటేనాయె."

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. పెద్దకోడలికి సిగ్గు వేయాలి, వేసింది. దాని వెనకే కోపం కూడా బుస్సున లేచింది. తను దాచిందనుకుంది. దాచలేదు, ఆమె దాచనిచ్చింది. తను గెలిచిందనుకుంది. గెలవలేదు, ఆమె వదిలిపెట్టింది. చేతులు చచ్చుబడేదాకా ఓర్చుకుని, పాలు ఒలకబోసుకుని, తిట్లు తిని, కాలు పోగొట్టుకోబోయి, తన మిషనును తనకే దానంగా ఇచ్చింది. మంచితనంలో కూడా ఈ పొట్టిదానిదే పైచెయ్యా?

ఈ బోల్టును మళ్ళీ బిగించేసి, ట్యూబు చుట్టేసి, నోరు మూసుకుని సాలు తోలుకుపోతే ఎవరు అడుగుతారు? చిన్నకోడలు ఈ మాట ప్రాణం పోయినా బయట పెట్టదు. అదే, అక్కడే మండుతోంది.

పానా బోల్టుకు పట్టించి తిప్పింది. తుప్పు కీచుమంది. హ్యాండిల్ చిన్నకోడలి అరచేతిలోకి దిగింది.

"నిలబడు."

చిన్నకోడలు నిలబడింది. పెద్దకోడలు ఆమె నడుము దగ్గర తన జానతో కొలిచి, ఒక పన్ను కిందికి దించి, బిగించింది. బిగించేటప్పుడు వేళ్ళ మీద నమ్మకం లేక రెండు చేతులతో పానా పట్టుకుంది.

"పట్టుకో. మోచేతులు పక్కలకు ఆనించు. ఆఁ, ఇప్పుడు పిట్టను పట్టుకో."

"ఆయన వద్దన్నాడుగా అక్కా."

"మొక్క తెగినా కాలు తెగినా నా పూచీ అని చెప్తాను. పోనియ్."

చిన్నకోడలు పోనిచ్చింది. మొదటి రెండు బారలు భయంగా, తర్వాత భయం లేకుండా. బుజాలు దిగాయి. మెడ ఉన్నట్టు కనిపించింది. దిగువ అంచు దగ్గర వేళ్ళు క్లచ్చు మీంచి లేవడం పెద్దకోడలికి ఇక్కడి నుంచే కనిపించింది. బ్లేళ్ళు ఆగాయి. ముక్కు లేచింది, తిరిగింది. మోటారు దగ్గరి నుంచి కళ్ళద్దాలాయన చెయ్యెత్తి కేకలు వేస్తూ బయల్దేరి, దారిలోనే ఆగిపోయి, ఎత్తిన చేత్తో కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

తిరిగి వచ్చి ఇంజను ఆపి, చిన్నకోడలు పానా కోసం చెయ్యి చాపింది.

"ఇటివ్వండి, మీ ఎత్తుకు పెట్టేస్తాను."

"ఉండు." పెద్దకోడలు గట్టు మీద నుంచి లేవలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, వాటినే చూస్తూ అంది. "పొద్దున నువ్వడిగావే. నాకు ఎక్కుతాయి. మొదటి కాలం నుంచీ ఎక్కుతున్నాయి. అలవాటైతే పోదు, ఎక్కువవుతుంది. హుక్కులు పెట్టుకోవడానికి నాకు ఎంతసేపు పడుతుందో తెలుసా? నా వేళ్ళు నాకే దూరపు చుట్టాల్లా ఉంటాయి పొద్దున పూట."

చిన్నకోడలి మొహం మారిపోయింది. ఆమెకు ఇది తెలియదు. నిజంగా తెలియదు. ఆమెకు తెలియనిది ఒకటి ఇంతకాలం తన దగ్గర భద్రంగా ఉందని చూసి పెద్దకోడలికి, ఇంత జరిగాక కూడా, ఆవగింజంత తృప్తి కలిగింది.

"అత్తకు…"

"నువ్వు చెప్పకు. నేనే చెప్తాను. నీ పాలగిన్నె సంగతి కూడా."

చిన్నకోడలు వచ్చి పక్కన కూర్చుంది. పెద్దకోడలి చేతులు తన చేతుల్లోకి తీసుకోబోయింది. పెద్దకోడలు వెనక్కి లాక్కుంది. ఇంకా అంత దూరం రాలేదు ఆమె.

"అంత ముద్దులేం వద్దు. నాలుగు సాళ్ళు నువ్వు, నాలుగు సాళ్ళు నేను. తోలని మనిషి కూర్చుని చేతులు వెచ్చబెట్టుకోవాలి. గడ్డి తర్వాత పీక్కోవచ్చు."

అప్పటికి కళ్ళద్దాలాయన వచ్చి చేరాడు. చిన్నకోడల్ని ఏమనాలో తోచక, కోపమంతా పానా మీద చూపించాడు.

"ఏంటమ్మా ఇది, మాటిమాటికీ మిషను ఆపి ఆ బోల్టుతో ఆటలు? ఇట్లా అయితే నా చేను ఎప్పటికయ్యేను?"

"మేమిద్దరం ఒక ఎత్తు కాదు బాబాయ్" అంది పెద్దకోడలు. "మీకు సాలు తిన్నగా కావాలా, తొందరగా కావాలా?"

ఆయన కత్తిరించినట్టున్న కొత్త సాలు వంక చూశాడు. తెగిన మొక్కల వంక చూశాడు. "తిన్నగానే కానివ్వండి" అని గొడుగు విప్పుకున్నాడు.

చిన్నకోడలు మళ్ళీ తాడు లాగింది. పెద్దకోడలు వేళ్ళు చంకల కింద పెట్టుకుని, అందరూ చూస్తుండగానే, గట్టు మీద కూర్చుంది. నెత్తురు తిరిగి వస్తుంటే వేళ్ళు మండుతున్నాయి. మొదటి సాలు చూసింది. ఎక్కడైనా వంకర ఉందేమోనని మొదటి నుంచి చివరి దాకా కళ్ళతో తడుముకుంటూ వెళ్ళింది. లేదు. రెండోది చూసింది. ఒకచోట ఒరిగినట్టే అనిపించి మెడ చాపింది. అది మబ్బు నీడ. మూడోది రెండోదాని కంటే బాగుంది. తన సాళ్ళ పక్కన పెడితే ఏవి ఎవరివో చెప్పడం కష్టం.

నాలుగో సాలు ఇంకా సగంలో ఉంది. పెద్దకోడలు లేచి నిలబడింది.

"ఇక చాల్లే, నా వంతు!" అని కేక వేసింది.

ఇంజను మోతలో చిన్నకోడలికి వినపడలేదు. పెద్దకోడలు పానా తీసుకుని, సాలు చివరికి నడిచింది.